పులిపిరి మొదలుకొని రాచపుండు వఱకు

హైదరాబాదు నుండి కరీంనగరమునకు పోవు రాజీవ రహదారిమీద అల్వాలును, హకీంపేటను దాటినపిదప తూంకుంట వచ్చును. అచటినుండి మఱికొంత దూరము సాగినచో శామీరుపేట చెఱువు, దాని కావల తుర్కపల్లి. ఈ తుర్కపల్లి చుట్టుపట్ల నేలకు జీనోమ్ వ్యాలీ యని పేరుపెట్టి, టీకాలు చేయు కర్మాగారములను, పరిశోధనాలయములను అచట నెలకొల్పినారు. తూంకుంటకు పడమటగా, నాగపురము పోవు త్రోవమీద, మేడ్చలు కలదు. ఆ ప్రాంతముననే శాంతా బయోటెక్నిక్స్ వారు హెపటైటిస్ బి వ్యాధికి టీకాను ఈస్టు కణములలో పుట్టించి 1997లో అమ్మకమునకు తెచ్చిరి. జనులు దానిని కామెర్ల టీకా యనుచున్నారు. అంతమాత్రమే కాదు. హెపటైటిస్ బి వైరసు కాలేయమునకు క్యాన్సరును తెచ్చునది గనుక, దానిని ఆపు టీకా లోకమున క్యాన్సరును అడ్డగించిన మొదటి టీకా యైనది. క్యాన్సరునకు టీకా యేమిటని ఆశ్చర్యపడు మన చదువరులు ఈ రెండు త్రోవలను ఒక్కసారి తలచుకొనినచో చాలును.

అయితే మేమీ వ్యాసమున చెప్పబూనినది కాలేయమును గూర్చి కాదు. స్త్రీల గర్భాశయ ముఖద్వారమున పుట్టు క్యాన్సరును గూర్చి. మన పెద్దవారు రాచపుండనియు, పుట్టకురుపనియు పిలిచిన వ్యాధులలో నిదియు నొకటి. 2022లో ప్రపంచమున ఆఱు లక్షల అఱువదివేల మంది స్త్రీలకు ఈ వ్యాధి కొత్తగా సోకెననియు, అందు ఒక్క మన దేశముననే లక్షా ఇరువదియేడు వేలమంది యనియు అంచనా వేసినారు. ఆ యేడు మన దేశమున దీనివలన చనిపోయినవారు ఇంచుమించు ఎనుబదివేలు. హెచ్‌ఐవి సోకిన స్త్రీలకు ఈ క్యాన్సరు వచ్చు ప్రమాదము ఇతర స్త్రీలకంటె ఆఱు రెట్లు. ఇంతటి వ్యాధిని గూర్చి మన యిండ్లలో వంటయింటి గడప దాటి మాట వెలికి రాదు. తెల్లబట్టయనియు, ముట్టునొప్పియనియు ఏవో పేళ్లు చెప్పి నెలలు గడపి, రక్తము ఆగనప్పుడు మాత్రమే వైద్యునియొద్దకు పోవుదురు. అందుచేత దీని చరిత్రమును వసారాలో కూర్చుండి పత్రిక చదువు మగవారును చదువవలెనని మా కోరిక.

1842లో ఇటలీ దేశమందలి వెరోనా పట్టణపు వైద్యుడు రిగోనీ స్టెర్న్ అనునతడు ఆ యూరి మరణముల పట్టీలను ముందిడుకొని లెక్క కట్టెను. 1760 మొదలు 1839 వఱకు గల పట్టీలవి. గర్భకోశపు క్యాన్సరుతో మరణించినవారిలో సంసారిణులును, వితంతువులును అధికముగా నుండిరి. మఠములలో నుండు క్రైస్తవ సన్న్యాసినులు మిక్కిలి యరుదుగా నుండిరి. రొమ్ము క్యాన్సరు మాత్రము సన్న్యాసినులయందే హెచ్చుగా కనబడెను. స్త్రీపురుష సంయోగమునకును, గర్భకోశ వ్యాధికిని ఏదో లంకె యున్నదని ఆ పట్టీలు నూటడెబ్బది యేండ్లకు పైగా చెప్పుచునే యున్నవి.

ఆ లంకెను గ్రహించిన లోకులు దానినుండి తీసిన తాత్పర్యము మాత్రము తప్పు. ఈ వ్యాధి వచ్చిన స్త్రీ నడవడి మంచిది కాదని తీర్మానించుట తేలిక గనుక అట్లు తీర్మానించిరి. తెలిసిన సంగతి వేఱు. దీనికి కారణమగు వైరసు ఎంత సాధారణమైనదనగా, దాంపత్యజీవితము గడపిన స్త్రీపురుషులలో నూటికి ఎనుబది మందికి తక్కువ కాకుండ ఎప్పుడో ఒకప్పుడు అది సోకియే యుండును. తొంబదిపాళ్లు వారి దేహబలముచేతనే ఒకటి రెండేండ్లలో అణగిపోవును. జన్మమున భర్తను దప్ప అన్యుని యెఱుగని యిల్లాలికిని భర్త మూలమున ఇది రావచ్చును. భర్తకు దీని చిహ్నమేదియు కనబడదు. కాబట్టి ఈ వ్యాధిని చూపి ఒక స్త్రీ శీలమును తూచుట అన్యాయమే కాదు, అజ్ఞానము కూడను.

ఇచట మఱియొక సంగతి చెప్పక తీఱదు. మిక్కిలి లేతప్రాయమున కాపురమునకు పోవుట, వెంటవెంట అనేక కాన్పులు కలుగుట ఈ వ్యాధికి తోడుపడునని పరిశోధకులు కనిపెట్టినారు. ఎదుగుచున్న బాలిక గర్భాశయ ముఖమందలి పొరకు వైరసును తట్టుకొను శక్తి తక్కువ. కందుకూరి వీరేశలింగము పంతులుగారు బాల్యవివాహములను ఖండించుచు వ్రాయ మొదలిడిననాడు వైరసులను ఇంకను ఎవరును కనుగొనియుండలేదు. 1929లో శారదా చట్టము వచ్చిననాటికి దాని సంగతి పండితులకుగూడ చాలవఱకు తెలియదు. ఐనను న్యాయబుద్ధితో వారు చేసిన పని ఎందఱి గర్భకోశములను కాపాడెనో లెక్కించువాడు లేడు.

వైరసు క్యాన్సరును తేగలదని శాస్త్రజ్ఞులు చాలకాలము నమ్మలేదు. 1911లో పేటన్ రౌస్ కోళ్లయందు ఒక విధమగు కణితిని వడపోసిన రసముతో ఇంకొక కోడికి అంటింపగలిగెను. దానికి నోబెలు బహుమానము వచ్చుటకు 1966 వఱకు ఆగవలసివచ్చినది. 1933లో రిచర్డు షోప్ అమెరికాలో అడవికుందేళ్ల చర్మముపై మొలచు కొమ్ములవంటి పులిపిరులను చూచి, వాటికి కారణము పాపిల్లోమా వైరసని తేల్చెను. ఆ పులిపిరులలో కొన్ని పిదప క్యాన్సరుగా మాఱుటయు కనబడినది. పులిపిరికిని రాచపుండునకును గల చుట్టఱికము అప్పుడే తెలిసినది గాని, కుందేలు సంగతి మనుష్యునకేమి యని దానిని ప్రక్కన పెట్టిరి.

ఈలోగా కారణము తెలియకున్నను వ్యాధిని ముందే పసిగట్టు ఉపాయమొకటి దొరికెను. గ్రీకు దేశమునుండి అమెరికాకు వలస పోయిన జార్జి పాపనికొలావ్ అను వైద్యుడు గర్భాశయ ముఖమునుండి తీసిన తడిని గాజుపలకపై పూసి, రంగులద్ది, సూక్ష్మదర్శినిలో చూచి, క్యాన్సరు కణములను గుర్తించుట నేర్చెను. 1928లో మొదట చెప్పినప్పుడు ఎవరును చెవినొగ్గలేదు. 1940 తరువాతనే వైద్యులు దాని విలువను గ్రహించిరి. అతని పేరుమీదనే నేడు దానిని పాప్ పరీక్ష యనుచున్నారు. ఆ పరిశోధనకు ఏండ్లతరబడి తన దేహమునుండి మచ్చులిచ్చినది అతని భార్య. ఆమె పేరు ఆండ్రొమాకి. శాస్త్రగ్రంథములలో ఆ పేరు కనబడుట అరుదు.

ఇదే వ్యాధిచే మరణించిన మఱియొక స్త్రీనిగూడ తలచుకొనవలెను. అమెరికాలోని బాల్టిమోరు నగరమున హెన్రియెట్టా లాక్స్ అను నీగ్రోజాతి స్త్రీ 1951లో గర్భాశయ ముఖ క్యాన్సరుతో జాన్స్ హాప్‌కిన్స్ ఆసుపత్రిలో చికిత్స పొందుచుండగా, ఆమె కణితినుండి కొంత తునకను తీసి పరిశోధనాలయమున పెంచిరి. ఆమెను అడుగలేదు. ఆమె ఆ యేడే అక్టోబరు 4వ తేదీన మరణించెను. ఆ కణములు మాత్రము హీలా యను పేర ప్రపంచమందలి పరిశోధనాలయములన్నిటను నేటికిని పెరుగుచున్నవి. పోలియో టీకా పరీక్షలకు అవియే ఆధారమైనవి. వాటివలన ఎందఱో కీర్తిని, కొందఱు ధనమును గడించిరి. ఆమె కుటుంబమునకు రెండు దశాబ్దములకు పైగా ఆ సంగతియే తెలియలేదు. ఈ ఘట్టమును మేము ఊరక చెప్పుట లేదు. ముందు ఖమ్మము జిల్లా కథ చెప్పునప్పుడు దీనితో పనిపడును.

1960, 1970 ప్రాంతముల ఈ క్యాన్సరునకు హెర్పిస్ వైరసు కారణమని పెక్కుమంది తలచిరి. జర్మనీ దేశస్థుడైన హెరాల్డ్ సుర్ హౌజెన్ ఎంత వెదకినను ఆ వైరసు జాడ క్యాన్సరు కణములలో దొరకలేదు. అప్పుడతడు పులిపిరుల వైరసును అనుమానించెను. గుహ్యాంగములమీది పులిపిరులు ఒక్కొక్కప్పుడు క్యాన్సరుగా మాఱినట్లు పాత వైద్యపత్రికలలో నున్న సంగతి అతనికి ఆధారము. తోటివారు నవ్విరి. మొదట అతడు కనుగొన్న రకములు పులిపిరులలోనే యుండెను గాని క్యాన్సరులో కనబడలేదు. పట్టువిడువక వెదకగా 1983లో పదునాఱవ రకమును, 1984లో పదునెనిమిదవ రకమును క్యాన్సరు కణములలోనే పట్టుకొనెను. గర్భాశయ ముఖ క్యాన్సరులలో నూటికి ఇంచుమించు డెబ్బదింటికి ఈ రెండే మూలము. హెన్రియెట్టా లాక్స్ కణములను పరీక్షింపగా అందును పదునెనిమిదవ రకమే యుండెను.

ఈ వైరసు చేయు పని ఏదన, మన దేహకణమున రెండు కావలివాండ్రవంటి ప్రోటీనులు కలవు. కణము అడ్డుదిడ్డముగా విభజన చెందకుండ ఒకటి పగ్గము పట్టును. చెడిన కణమును తానై చచ్చునట్లు మఱియొకటి చేయును. పాపిల్లోమా వైరసు తన రెండు ప్రోటీనులతో ఈ యిద్దఱు కావలివాండ్రను పడగొట్టును. అంతమాత్రమున క్యాన్సరు రాదు. కావలి లేని యింటిలో దొంగ పడుటకు కాలము పట్టినట్లు, ఆ కణములు తప్పుమీద తప్పు చేసి క్యాన్సరుగా మాఱుటకు పదునేను ఇరువదియేండ్లు పట్టును. ఆ మధ్యకాలమే మనకు దేవుడిచ్చిన గడువు.

హెచ్‌ఐవి వచ్చి ఈ గడువును కొఱికివేసినది. 1981లో అమెరికాలో పడుచువారికి కపోసి సార్కోమా యను అరుదైన చర్మపు క్యాన్సరు వచ్చుట చూచి వైద్యులు ఉలికిపడిరి. వియన్నా వైద్యుడు కపోసి 1872లో దానిని వర్ణించినప్పుడు అది ముసలివారి వ్యాధి. ఈ కొత్త విపరీతమునకు ఎయిడ్సు అని పేరు పెట్టిరి. 1983లో పారిసు నగరమున ఫ్రాంస్వాజ్ బారె సినూసి, లుక్ మొంటానియే అనువారు దానికి కారణమగు వైరసును కనుగొనిరి. కపోసి సార్కోమాకును వేఱొక వైరసే మూలమని 1994లో యువాన్ చాంగ్, పాట్రిక్ మూర్ దంపతులు తేల్చిరి. అది హెర్పిస్ జాతిలో నెనిమిదవది. మన దేశమున కపోసి సార్కోమా అరుదు. మన స్త్రీలకు ఎయిడ్సుతో కలిసి వచ్చు క్యాన్సరు గర్భాశయ ముఖమందలిది. ఎయిడ్సు లక్షణముల పట్టీ మొదట పురుష రోగులను చూచి వ్రాసినది గావున అందిది లేదు. స్త్రీలు గోలపెట్టగా 1993లో అమెరికా ప్రభుత్వమువారు చేర్చిరి.

2008లో నోబెలు బహుమానమున సగము సుర్ హౌజెనుకును, తక్కిన సగము బారె సినూసి, మొంటానియేలకును ఇచ్చిరి. ఒక వైరసు కావలివాండ్రను పడగొట్టునది. రెండవది కోట సైన్యమునే చంపునది. రక్తమందు వ్యాధులతో పోరాడు తెల్లకణములలో సేనానులవంటి సీడీ4 కణములను హెచ్‌ఐవి నాశనము చేయుటచే పాపిల్లోమా వైరసు అణగక నిలిచిపోవును. మందు పుచ్చుకొనని హెచ్‌ఐవి స్త్రీకి ఇరువదియేండ్ల గడువు ఐదు పదేండ్లకు కుంచించుకొనిపోవును.

మన దక్షిణదేశమున హెచ్‌ఐవి మొదట బయటపడినది 1986లో మద్రాసునందు. డాక్టరు సునీతి సాలమన్, ఆమె విద్యార్థిని నిర్మల కొందఱు వేశ్యాస్త్రీల రక్తమును పరీక్షింపించి కనుగొనిరి. ఆ తరువాత ఉమ్మడి ఆంధ్రప్రదేశము దేశమున ఈ వ్యాధి యెక్కువగా నున్న రాష్ట్రములలో నొకటి యైనది. 2004 ఏప్రిలు 1వ తేదీనుండి ప్రభుత్వమువారు ఉచితముగా మందులిచ్చుట మొదలిడిరి. ఆ మందులవలన రోగులు బ్రతికిరి. కపోసి సార్కోమా ఆ మందులతో చాలమందికి తగ్గుముఖము పట్టును. గర్భాశయ ముఖ క్యాన్సరు అట్లు తగ్గునది కాదు. మందులు త్వరగా మొదలిడినచో ప్రమాదము కొంత తఱుగును. కాని ఒకసారి మొలకెత్తిన మార్పులను ప్రత్యేకముగా వెదకి తీసివేయవలసినదే. ఎయిడ్సుతో చావనిచ్చక కాపాడిన స్త్రీని క్యాన్సరునకు అప్పగించినచో మనము చేసినదేమి?

చికిత్స చరిత్రమును క్లుప్తముగా చెప్పెదము. 1898లో వియన్నాలో వెర్థయిమ్ గర్భకోశమును చుట్టునున్న కణజాలముతో సహా తీసివేయు పెద్ద శస్త్రచికిత్సను ప్రారంభించెను. తొలినాళ్లలో దానిచేతనే పలువురు చనిపోయిరి. ఆ యేడే క్యూరీ దంపతులు రేడియమును కనుగొనిరి. కొద్దియేండ్లకే దానిని గొట్టములలో నుంచి గర్భాశయ ముఖమున చేర్చి క్యాన్సరును కాల్చుట నేర్చుకొనిరి. లోపల కిరణధాతువు నుంచి చేయు చికిత్స నేటికిని ఈ వ్యాధికి ప్రాణాధారము. మన దక్షిణమున ఇట్టి చికిత్సకు పుణ్యక్షేత్రము వంటిది అడయారు క్యాన్సరు సంస్థ. దానిని 1954లో నెలకొల్పినది డాక్టరు ముత్తులక్ష్మిరెడ్డి గారు. దేవదాసీ దురాచారమును రద్దుచేయింప పోరాడిన సంస్కర్త్రి యీమెయే. తన చెల్లెలు క్యాన్సరుతో మరణించుట కన్నులార చూచి ఆమె ఈ సంకల్పము చేసికొనెను. తెలుగునాటనుండి ఎందఱో ఆ సంస్థకు పోయిరి. 1955లో హైదరాబాదునను క్యాన్సరు ఆసుపత్రి వెలసినది. మెహదీ నవాజ్ జంగు గారి పేర అది రెడ్‌హిల్స్ నందు పేదలకు పెద్దదిక్కుగా నున్నది. 1999లో కిరణచికిత్సతో పాటు సిస్‌ప్లాటిన్ అను మందును వారము వారము ఇచ్చిన యెడల ఎక్కువమంది బ్రతుకుదురని తేలినది. హెచ్‌ఐవి ఉన్న స్త్రీలకును ఇదే చికిత్స. హెచ్‌ఐవి మందులు మానకుండ దీనిని పూర్తి చేయవలెను.

అయితే ఇదంతయు వ్యాధి ముదిరినపిదప చేయు పని. ముదురకమున్నే పట్టుకొనినచో చలువతోనో, వేడిమితోనో, విద్యుత్తీగతోనో చెడిన పొరను కొన్ని నిమిషములలో తీసివేయవచ్చును. ఆసుపత్రిలో పడుకొననక్కఱలేదు.

ఇప్పుడు మరల మేడ్చలునకు వత్తము. ఆ మండలమందలి ఘనపురమున మెడిసిటీ వైద్యకళాశాల కలదు. దానికి చెందిన షేర్ ఇండియా సంస్థవారును, అమెరికాలోని జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయమువారును గూడి మేడ్చలు మండలపు పల్లెల స్త్రీలను రెండువేలకు పైగా చేరి పరీక్షలు చేసిరి. హైదరాబాదునందలి డీఎన్‌ఏ పరిశోధనాలయము (సీడీఎఫ్‌డీ) పండితులు అంతకుముందే, 2005లో, ఆంధ్రదేశపు స్త్రీల క్యాన్సరు తునకలను పరిశీలించి, వైరసు దొరికినవాటిలో మూడింట రెండువంతులకు పదునాఱవ రకమే కారణమని ప్రకటించియుండిరి. మేడ్చలునందు చేసిన పని 2009, 2010 సంవత్సరములలో అచ్చుపడినది. పాప్ పరీక్ష, వైరసు డీఎన్‌ఏ పరీక్ష, పలుచని ఆసిటిక్ ఆమ్లము పూసి కంటితో చూచు పరీక్ష, ఈ మూడింటిని వారు సరిపోల్చిరి. మూడవది చవుకైనది. వెనిగరువంటి ఆ ద్రవము పూసినచో చెడిన భాగము తెల్లబడును. దానిని ఎందఱో పొగడిరి. మేడ్చలున మాత్రము అది వెనుకబడినది. చూచువారి కన్నుమీద, శిక్షణమీద అది ఆధారపడియున్నది గదా.

మేడ్చలు పరిశోధనయందు మాకు మిక్కిలి నచ్చినది మఱియొకటి. స్త్రీలు తమకు తామే మచ్చు తీసికొని యిచ్చిరి. వైద్యులు తీసిన మచ్చుతో అది చాలవఱకు సరిపోలినది. పరుల యెదుట, అందును మగవైద్యుని యెదుట, బల్లమీద పండుకొనుటకు ప్రాణము చచ్చిపోవు మన పల్లె యిల్లాండ్రకు ఇంతకంటె దయగల ఉపాయము ఏమున్నది?

పూర్వము నైజాము రాజ్యమున చేరియుండిన ఉస్మానాబాదు జిల్లాలో (ఇప్పుడు దానిని ధారాశివమనుచున్నారు) ఇంతకు పెద్ద పరీక్ష జరిగెను. లక్షా ముప్పదియొక్కవేలకు పైబడిన స్త్రీలను నాలుగు గుంపులుగా చేసి, ఒక్కొక్క గుంపునకు ఒక్కొక్క పరీక్ష జరపిరి. నాల్గవ గుంపునకు ఏ పరీక్షయు లేదు. ఎనిమిదేండ్లు కనిపెట్టి చూచి 2009లో ఫలితము ప్రకటించిరి. జన్మమున ఒక్కసారి వైరసు పరీక్ష జరిగిన గుంపులో ఈ క్యాన్సరుతో 34 మంది చనిపోయిరి. ఏ పరీక్షయు లేని గుంపులో 64 మంది. గుంపుల పరిమాణము ఇంచుమించు ఒక్కటే. ఈ లెక్కవలన లోకమంతయు బాగుపడినది. ఆ అఱువదినలుగురి సంగతి యేమని కొందఱు వైద్యులే అడిగిరి. వ్యాధిని ముందే పట్టవచ్చునని తెలిసియుండియు ఒక గుంపును వట్టిగా విడుచుట న్యాయమా యని వారి ప్రశ్న. ఆ నాల్గవ గుంపువారికి ఆ జిల్లాలో అదివఱకు ఎప్పుడును లేని పరీక్షను లేకుండ చేసినది మేము కాదని పరిశోధకుల సమాధానము. మేము రెండు పక్షముల వాదములను చదివితిమి. ప్రశ్న అడిగినవారి పక్షముననే మా మనస్సు నిలిచినది.

ఇక ఖమ్మము కథ. 1991లో ఆస్ట్రేలియాలో ఇయన్ ఫ్రేజర్, జియాన్ జౌ అను ఇరువురు పాపిల్లోమా వైరసు పైగుల్లను మాత్రము పరిశోధనాలయమున కట్టగలిగిరి. లోపల వైరసు బీజము లేని ఖాళీ గుల్ల అది. దానిని దేహములోనికి ఎక్కించినచో నిజమైన వైరసు వచ్చెనని భ్రమించి దేహము ఆయుధములు సిద్ధము చేసికొనును. 2006లో దీనినుండి గార్డసిల్ టీకా వచ్చెను. మేడ్చలు కామెర్ల టీకావలెనే ఇదియు ఈస్టు కణములలో పుట్టినదే. వైరసు సోకకమునుపే వేసినచో దీని ఫలము పూర్తిగా దక్కును. అందుచేతనే చిన్న బాలికలకు వేయుదురు.

2009 జులైలో పాత్ అను అమెరికా సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, అప్పటి ఆంధ్రప్రదేశ ప్రభుత్వము కలిసి ఖమ్మము జిల్లాలో భద్రాచలము, కొత్తగూడెము, తిరుమలాయపాలెము మండలములలో పది మొదలు పదునాలుగేండ్ల బాలికలకు ఈ టీకా వేయసాగిరి. పదునాలుగు వేలమందికి వేసినారు. వారిలో చాలమంది గిరిజన బాలికలు, ఆశ్రమ పాఠశాలలలో తల్లిదండ్రులకు దూరముగా నుండువారు. గుజరాతులోని వడోదర జిల్లాలోను ఇట్టి పనియే జరిగెను. కొలది నెలలలో ఆంధ్రమున ఐదుగురును, గుజరాతున ఇద్దఱును బాలికలు మరణించినట్లు వార్తలు వచ్చెను. మహిళాసంఘములవారు ఊరూర తిరిగి విచారించి పత్రికలకెక్కించిరి. 2010 ఏప్రిలులో ప్రభుత్వము ఆ పనిని నిలిపివేసినది.

ప్రభుత్వము నియమించిన విచారణ సంఘము ఆ మరణములను ఒక్కొక్కటిగా పరిశీలించినది. ఒక బాలిక నీటిలో మునిగి, ఒకతె పాము కఱచి, ఇద్దఱు పురుగుమందు త్రాగి, మఱియొకతె మలేరియా ముదిరి చనిపోయిరి. టీకాయే కారణమనుటకు ఆధారము దొరకలేదు. మేమును ఆ మాటనే నమ్ముచున్నాము. లోకమున కోట్లకొలది బాలికలకు ఈ టీకా వేసినారు. అది సురక్షితమైనదనుటకు ఇప్పుడు సందేహము లేదు.

ఐతే ఆ విచారణలో వేఱొక సంగతి బయటపడెను. అంగీకారపత్రములు 9,543 తీసి చూడగా, 1,948 పత్రములపై వేలిముద్రలు మాత్రమే యుండెను. 2,763 పత్రములపై వసతిగృహముల వార్డెనులును, ప్రధానోపాధ్యాయులును సంతకములు చేసియుండిరి. పిల్ల తల్లికి కబురు లేదు. తండ్రికి కబురు లేదు. పిల్లకు సూది దేనికో తెలియదు. 2013 ఆగస్టులో పార్లమెంటు సంఘము తన డెబ్బదిరెండవ నివేదికలో దీనిని తీవ్రముగా ఖండించెను.

వార్డెనును గూడ మేము పూర్తిగా దూషింపలేము. పైనుండి కాగితములు వచ్చినవి, తేదీ చెప్పినారు, వాహనము వాకిట నిలిచినది. సంతకము చేయకున్న ఉద్యోగమునకు చేటు. కోయపల్లెలో నున్న తల్లిని రప్పింపవలెననిన రెండుదినముల పని. రెండుదినములు ఆగియుండినచో ఏమి పోయెడిది? ఇరువదియేండ్ల గడువుగల వ్యాధిని అడ్డగించు టీకాకు రెండుదినముల తొందర యెందుకో మాకు బోధపడలేదు. ఆ తొందర ఫలము మాత్రము చూచితిమి. ఆ తరువాత చాలయేండ్ల వఱకు మన తెలుగునాట ప్రభుత్వములు ఈ టీకా జోలికి పోలేదు. ఆ యేండ్లలో రువాండా వంటి పేదదేశము 2011 మొదలు తన బాలికలకందఱకును వేయించుకొనినది. మన దేశముననే సిక్కిము రాష్ట్రము 2018లో తన బాలికలకు వేయించెను. అచటివారు ముందు తల్లిదండ్రులతోను, ఉపాధ్యాయులతోను మాటలాడి, తరువాత సూది తీసిరి. ఖమ్మమున అడుగక వేసిన టీకా పదునాలుగు వేలమందికి అందినది. అడుగనందువలన అందకపోయిన టీకా ఎన్ని లక్షలమందికో. బాల్టిమోరులో 1951లో అడుగక తీసిన తునక లోకమునకు మేలే చేసినది గదా యని వాదించువారుందురు. ఆమె బిడ్డలు, మనుమలు ఆ మేలు విని సంతోషింపలేదు. వారు వ్యాజ్యము వేసిరి.

2022లో పూనానందలి సీరం సంస్థవారి సెర్వావాక్ టీకాకు మన దేశపు అనుమతి లభించెను. విదేశపు టీకా కంటె దీని వెల తక్కువ. ఆ యేటి చివరనే ప్రపంచ ఆరోగ్య సంస్థవారు బాలికలకు ఒక్క మోతాదైనను చాలునని చెప్పిరి. హెచ్‌ఐవి ఉన్నవారికి ఒక్కటి చాలదు, వీలైనచో మూడు వేయవలెను. టీకా వేసికొన్నను పరీక్ష మానరాదు. సామాన్య స్త్రీలు ముప్పదవయేటినుండి ఐదు పదేండ్లకొకసారియు, హెచ్‌ఐవి ఉన్న స్త్రీలు ఇరువదియైదవయేటినుండి మూడు ఐదేండ్లకొకసారియు వైరసు పరీక్ష చేయించుకొనవలెనని ఆ సంస్థ సలహా. హెచ్‌ఐవి మందులు పుచ్చుకొనుటకు నెలనెల ఆసుపత్రికి పోవు స్త్రీ ఆ వరుసలోనే నిలుచుండి ఈ పరీక్షను అడుగవచ్చును. ఇంటికి పెద్దకోడలైన స్త్రీ తన అత్తగారికి, ఆడబిడ్డకు, పనిమనిషికి గూడ ఈ మాట చెప్పవచ్చును. బడినుండి అంగీకారపత్రము ఇంటికి వచ్చినప్పుడు తండ్రి దానిని చదివి, తల్లికి చదివి వినిపించి, పిల్లను కూర్చుండబెట్టుకొని దేనికో చెప్పి, ఆ పిమ్మట సంతకము చేయవచ్చును. పత్రము రాకుండనే సూది వేసిరని పిల్ల వచ్చి చెప్పినచో మఱునాడు బడికి పోయి అడుగవచ్చును.